ఎస్తేరక్క అర్జీ

బెంగళూరులో ఒక జిరాక్స్ దుకాణం ముందు నిలబడి ఉన్నాను. మెషీన్లోంచి అప్పుడే వచ్చిన కాగితాలు చేతికి వెచ్చగా తగిలాయి. కాంట్రాక్టు మీద రాష్ట్రాలు తిరిగే నర్సును కాబట్టి ఈ తతంగం నాకు కొత్త కాదు. కొత్త రాష్ట్రంలో రోగిని ముట్టుకోవాలంటే పాత రాష్ట్రపు నర్సింగ్ కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి, సర్టిఫికెట్లు సరిచూడటానికి ఇవ్వాలి, ఇక్కడి కౌన్సిల్లో పేరు ఎక్కించుకోవాలి. ఎన్నిసార్లు చేసినా, ఈ కాగితాలు పట్టుకోగానే ఎస్తేరక్క గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

నేను నర్సింగ్ ముగించి చిల్లకూరు దగ్గర హైవే పక్కనున్న చిన్న ఆసుపత్రిలో చేరేసరికి, అక్కడ సీనియర్ నర్సయిన ఎస్తేరక్కకు యాభై దాటాయి. సొంతూరు చిట్టమూరు వైపు. చదువూ, మొదటి ఉద్యోగమూ చెన్నైలో. తల్లికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి వచ్చి అక్కడే ఉండిపోయింది. నన్ను పరీక్షలు గట్టెక్కించింది కాలేజీయే కానీ, నా చేతికి పని నేర్పింది ఆమే. మొదటి వారంలోనే ఒక ముసలామెకు నరం దొరక్క నాకు ముచ్చెమటలు పోస్తుంటే, అక్క వెనక నిలబడి మెల్లగా అంది: "కళ్లతో ఎతికితే ఏడ దొరుకుతాది మే? కళ్లు మూసుకో. వేలు పెట్టి చూడు." మూసుకున్నాను. వేలి కింద నరం మెత్తగా తగిలింది.

కొన్నేళ్లకు ఆసుపత్రి చేతులు మారింది. నర్సులందరికీ మా రాష్ట్రపు రిజిస్ట్రేషన్ ఉండి తీరాలనీ, ఆర్నెల్లలో తనిఖీ ఉందనీ కొత్త యజమాని చెప్పాడు. ఇన్‌ఛార్జి సిస్టర్ ఎవరన్నది కూడా అప్పుడే తేలుస్తానన్నాడు. అక్క రిజిస్ట్రేషన్ తమిళనాడుది. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు, ఆమె మార్చుకోనూ లేదు. కంప్యూటరంటే ఆమెకు బెరుకు. సర్టిఫికెట్లన్నీ తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వయితే తప్పుల్లేకుండా నింపుతావు. రెండు కౌన్సిళ్లకీ నువ్వే పంపు," అంది.

నేను పంపలేదు. మొదట అది బద్ధకమే. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. తరువాత ఆ బద్ధకానికి ఆశ తోడైంది. అక్క కాగితాలు సరైతే ఇన్‌ఛార్జి ఆమే, కాకపోతే నేను. ఆ మాట అప్పట్లో నాకు నేను కూడా చెప్పుకోలేదు. మూడు నెలలు గడిచాక ఒకరోజు అక్క అడిగింది. "పంపినా అక్కా, ఆళ్లే ఆలస్యం చేస్తా ఉండారు," అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, సిగ్గులేకుండా.

తనిఖీ అయ్యాక అక్కను ఓపీ చీట్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. రోగిని ముట్టుకోవద్దన్నారు. ఎప్పుడూ వచ్చే ఒక పెద్దాయన ఆ బల్ల మీదే చెయ్యి చాపి, "సూది నువ్వే ఎయ్యి తల్లీ, నువ్వేస్తే నొప్పుండదు," అన్నాడు. అక్క ఆయన చేతిని నెమ్మదిగా పక్కకు జరిపి నన్ను చూపించింది. రెండుసార్లు పొడిచినా నాకు నరం దొరకలేదు. ఆమె కూర్చున్నచోటి నుంచే, "మణికట్టు కాడ చూడు మే," అంది. నెల తిరక్కుండానే మానేసి జువ్వలదిన్నెలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఇన్‌ఛార్జి ఉద్యోగం నాకే వచ్చింది కానీ, ఏడాది కూడా చెయ్యలేక మానేశాను.

చాలా ఏళ్లకు ధైర్యం చేసి వెళ్లాను. అక్క పెరట్లో పీట మీద కూర్చుని చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తోంది. నిలబడే చెప్పేశాను.

"నీ అర్జీ నేను పంపలేదక్కా. అబద్ధం చెప్పినా."

"తెలుసులే. నువ్వు చెప్పిన వారానికే చెన్నైలో కౌన్సిల్‌కి ఫోన్ చేసినా. నా పేరు మీద ఏమీ రాలేదన్నారు."

"ఇంకా టైముండె గదా. నన్ను నిలదీసుంటే పంపేదాన్ని గదా."

అక్క ముక్కలు తిప్పి రెండో వైపు ఉప్పు పట్టించింది. "నువ్వే పంపుతావని చూసినా. తనిఖీ ముందు రోజు దాకా చూసినా. కూర్చో, అన్నం తిని పోదువు."

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఇప్పుడు ఏ ఊళ్లో పనిచేస్తున్నా, వేరే రాష్ట్రం నుంచి కొత్త నర్సు వచ్చిందంటే ఆ రోజే పక్కన కూర్చోబెట్టుకుని కౌన్సిల్ అర్జీ నింపించి, పంపించేదాకా లేవను. ఆ పిల్లలు నా చేతులు పట్టుకుని, మీరు చాలా మంచివారు సిస్టర్ అంటారు. ఎస్తేరక్క కూడా అలాగే అనుకుంది.