మా అత్త గిటారు

ఆత్మకూరు బస్టాండులో ఉడకబెట్టిన పల్లికాయల వాసన తగిలితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ వాసనతో పాటే మా ఇంటి వెనక వసారా, గిన్నెలో ఉప్పునీళ్లతో కుతకుతలాడే పచ్చికాయలు, పొయ్యి పక్కన గొంగడి మీద గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా మేనత్త, అన్నీ కళ్లముందుకొస్తాయి.

అత్త వనపర్తి దవాఖానలో నర్సు. గిటారు హాస్టల్లో ఒక స్నేహితురాలి దగ్గర నేర్చుకుంది. ఆమె దూరపు ఉద్యోగానికి పోతూ తన గిటారును అత్తకే ఇచ్చిపోయిందట. మామ జ్వరంతో పోయాక అత్త ఒక బట్టల పెట్టె, ఆ గిటారు పట్టుకుని అన్నల ఇంటికి వచ్చేసింది. నాకప్పుడు పదకొండేళ్లు.

నాకు వాయించడం నేర్పాలని అత్త మందుసీసా మెడను కోయించి, అంచు గుచ్చుకోకుండా బండ మీద నీళ్లు పోసి రోజుల తరబడి అరగదీసి, నా చిటికెన వేలికి సరిపోయే గాజుగొట్టం చేసిపెట్టింది. దాన్ని తీగ మీద ఆనించి జార్చాలి తప్ప నొక్కకూడదు. నొక్కితే తీగ గిటారు మెడ మీది ఇనుప మెట్టుకు తగిలి గరగరమంటుంది. కుడిచేతి బొటనవేలు లావు తీగను విడవకుండా మోగిస్తుంటే మిగతా వేళ్లు పాటను మీటాలి. నా గొట్టం ఎప్పుడూ మెట్టు దాటిపోయేది, స్వరం పిల్లిలా అరిచేది.

"జర నిమ్మళంగ పోవే," అని అత్త నవ్వేది. "చెవితోని ఆపు, చేతితోని కాదు."

వానాకాలమంతా అదే పని, అత్త తాను కట్టిన వరుసలు ఒక్కొక్కటే నాకు నేర్పింది. బతుకమ్మ వచ్చేసరికి గొట్టం ఆగాల్సిన చోట ఆగి, సన్నగా వణికి, అచ్చం ఆడమనిషి గొంతులా పలికింది. ఇల్లంతా తంగేడు పూలు, నువ్వుల ముద్దలు, సత్తుపిండి, వీధిలో చప్పట్లు. మొగుడు పోయినామె ఆటలోకి రావద్దన్నారు కాబట్టి అత్త గడప దాటలేదు.

"నువ్వన్న అరుగు మీద కూసొని వాయించు బిడ్డా. నేను లోపటికెల్లి వింట."

వాయించాను. ఆడుతున్నవాళ్లు అడుగు ఆపి చూశారు, ఒకామె నా వరుసకు గొంతు కలిపింది. అప్పుడే మా పెదనాయన పొలం నుంచి వచ్చి మోటారుసైకిలు దిగాడు.

"మొగుడు సచ్చి యాడాది కాలే, గీ ఇంట్ల పాటలేంది?" అని లోపలికి వినబడేలా అరిచి, నా వైపు చెయ్యి చాచాడు. "తే ఇటు."

ఆయన లాక్కోలేదు. నేనే లేచి రెండు చేతులతో అందించాను. మా నాన్న పక్కనే నిలబడి తన చెప్పులు చూసుకున్నాడు. పెదనాయన పట్టకారుతో తీగలన్నీ కత్తిరించి, మర్నాడు పల్లిచేను ముళ్లకంచె కట్టడానికి తీసుకుపోయాడు. తీగలు పోయిన గిటారు అటక మీద చెదలు పట్టింది. "పోనియ్యి బిడ్డా," అంది అత్త. ఆ మాటకు ఆమె మీద కూడా ఏళ్లపాటు మండిపోయాను.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూలులో టీచర్ని. నలభై దగ్గరపడ్డాక గిటారు కొనుక్కుని మళ్లీ మొదలుపెట్టాను. మొన్న పెదనాయన సంవత్సరీకానికి పోతే, గేటుకు కట్టిన ఫ్లెక్సీలో ఆయన ఫొటో కింద 'కళాభిమాని' అని ఉంది. ఒళ్లంతా మంటెత్తింది. పెదనాయన కొడుకును పిలిచి ఆ మాట తీసెయ్యమన్నాను.

"సచ్చినోళ్ల మీద గింత పగేందే?" అన్నాడు.

కుర్చీ లాక్కుని ఎక్కి, ఆ పదమున్న మేర నేనే చింపేశాను. బంతిలో తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. కాళ్ల కింద కుర్చీ ఊగుతుంటే ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే అత్త.

కిందికి దిగి, పాత వరుసలు ఒక్కసారి పాడి వినిపించమని అడిగాను.

"ఏ వరుసలే? ఒక్కటన్న యాదికొస్తలేదు," అంది, నా చేతికంటిన దుమ్ము కొంగుతో తుడుస్తూ.

నాకు నేర్పినవి పన్నెండు. నాలుగే నాకు గుర్తున్నాయి. మిగతా ఎనిమిది ఇంకెవరికీ రావు.