అవతలివాళ్ళ గడ్డ మీద గోలు

నాకు ఫుట్‌బాల్ తెలియదు. మా విజయవాడలో ఆటంటే క్రికెట్టే. అలాంటిదాన్ని శనివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని, ఇక్కడ సింగపూర్‌లో సెంగ్‌కాంగ్ నుంచి జురాంగ్ ఈస్ట్ దాకా బయలుదేరానంటే కారణం స్వరూప. ఆఫీసులో నా పక్క సీటు, సికింద్రాబాద్ అమ్మాయి. వాళ్ళ తమ్ముడు నరేష్ కోల్‌కతాలో ఒక క్లబ్బుకి డిఫెండర్. ఆ క్లబ్బు మన దేశంలో ఛాంపియన్. ఆసియాలో దేశానికొక ఛాంపియన్ క్లబ్బు ఆడే పోటీలో ఇప్పుడు సింగపూర్ ఛాంపియన్‌తో తలపడుతోంది. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో జరిగింది. ఒకటి-సున్నాతో మనవాళ్ళే గెలిచారు. రెండోది ఇక్కడ.

రెండు గంటలకి ఇంటి కింద బుల్లి ట్రైనెక్కి సెంగ్‌కాంగ్ స్టేషన్, అక్కడి నుంచి ఊట్రమ్ పార్క్, అక్కడ మారి జురాంగ్ ఈస్ట్. గంట పైనే పడుతుంది, ఎక్కగానే సీటు చూసుకోండి. స్వరూప తనుండే బూన్ లే నుంచి వచ్చి స్టేషన్ బయట నిలబడి ఉంది. ముందు హాకర్ సెంటర్‌కి, అదే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే షెడ్డుకి, తీసుకెళ్ళాను. నేను రెండు పరాటాలు లాగించాను, తను ముక్క ముట్టలేదు.

"వాణ్ణి చూసి మూడేండ్లయితుంది" అంది. "గెలిస్తె కోచ్ సారు రేపు పొద్దుగాల దాంక మా ఇంటికి పంపిస్తడంట. ఓడిపోతె సీదా ఎయిర్‌పోర్టే."

"ఓడినా స్టేడియం గేటు దగ్గర రెండు నిమిషాలు చూడొచ్చుగా?"

"వద్దన్నడు. ఓడిపోతె గేటుకాడికి రావొద్దక్కా, నీకు మొహం చూపియ్యలేనన్నడు."

నాకు ఒళ్ళు మండింది. తోబుట్టువుకి చూపించలేని మొహం ఇంకెవరికి చూపిస్తాడట?

స్టేడియం దగ్గరే, నడిచి వెళ్ళాం. టికెట్టు సినిమా టికెట్టంత కూడా లేదు. డప్పులు పట్టుకొచ్చిన బెంగాలీలు ఎదురు వైపు ఎండలో కూర్చున్నారు. నేను నీడ చూసుకుని ఇవతల వైపు టిష్యూ ప్యాకెట్లు పెట్టి రెండు సీట్లు ఛోప్ చేశాను, సీటు ఆపుకోవడానికి ఇక్కడి మాట అది. తీరా చూస్తే చుట్టూ సింగపూర్ జట్టువాళ్ళే.

ఆట ఐదింటికి మొదలైంది. నరేష్ బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. బంతి ఎక్కడున్నా స్వరూప కళ్ళు అతని మీదే. మనవాళ్ళు ముందు గోలు కొట్టినప్పుడు కూడా, ఎవరు కొట్టారని నన్నే అడిగింది. విరామం తర్వాత వాళ్ళొకటి కొట్టారు. ఆఖర్లో ఇంకొకటి. రిఫరీ చివరి ఈల వేసేసరికి బోర్డు మీద సింగపూర్ రెండు, మనం ఒకటి.

నరేష్ గడ్డి మీద బోర్లా పడిపోయాడు. జట్టంతా వచ్చి అతని మీద పడింది. ఓదారుస్తున్నారనుకున్నాం. మా చుట్టూ ఉన్నవాళ్ళు నోరు మెదపలేదు. గెలిచినవాళ్ళు ఇంత మర్యాదగా ఉంటారా అని ఆశ్చర్యపోయాను కూడా.

"పోదాం పా" అంది స్వరూప. గేటు వైపు లాగాను. రానంటే రానంది. స్టేషన్ దాకా చున్నీతో మొహం తుడుచుకుంటూనే ఉంది.

ప్లాట్‌ఫాం మీద సింగపూర్ జట్టు మఫ్లరు వేసుకున్న చైనీస్ అంకుల్ ఒకాయన మా పక్కనే నిలబడ్డాడు. స్వరూపని చూసి ఉండబట్టలేక, "వై క్రై లా? యువర్ టీమ్ గో త్రూ, మై టీమ్ గో హోమ్" అన్నాడు.

మీవాళ్ళే తర్వాతి రౌండుకి వెళ్ళారు, మావాళ్ళు ఇంటికి, అని. మేం నమ్మలేదు. ఆయన వేళ్ళు మడిచి చెప్పాడు: రెండు మ్యాచ్‌లూ కలిపితే చెరి రెండు గోల్స్, సమానం. సమానమైతే అవతలివాళ్ళ గడ్డ మీద కొట్టిన గోలుకే విలువ. మనవాళ్ళు ఇక్కడొకటి కొట్టారు, వాళ్ళు కోల్‌కతాలో ఒక్కటీ కొట్టలేదు. ఇదెక్కడి లెక్క! క్రికెట్‌లో ఎక్కడైనా ఉందా? బూన్ లే ట్రైన్ వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. స్వరూప అప్పటికే మెట్ల మీద ఉంది.

చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాం. గేటు ముందు జట్టు బస్సు లేదు. మోకాలికి ఐస్ కట్టుకుని, పక్కన బ్యాగు పెట్టుకుని, రోడ్డు పక్క గట్టు మీద నరేష్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"యాడికి వోయినవే అక్కా? గెలిస్తె ఎవలన్న పోతరా?"

స్వరూప వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ తర్వాత వాణ్ణి పట్టుకుని వదల్లేదు. నేను అటు తిరిగి చెప్పులు వేసుకున్నాను, అందుకు చాలాసేపు పట్టింది.

మళ్ళీ జురాంగ్ ఈస్ట్ స్టేషన్. వాళ్ళది బూన్ లే, నాది ఎదురు దిక్కు. నరేష్ కుంటుతూనే అక్క హ్యాండ్‌బ్యాగు లాక్కుని భుజానికి తగిలించుకున్నాడు. తర్వాతి మ్యాచ్ పక్క దేశంలో, కౌలాలంపూర్‌లోనట.

"బస్సుల వస్త" అంది స్వరూప. "గెల్చినా ఓడినా గేటుకాడనే ఉంట. ఇగ నువ్వు వద్దంటె ఇనను."

నరేష్ నవ్వబోయి, తల వంచుకుని కట్టు సర్దుకున్నాడు.

సెంగ్‌కాంగ్ దాకా ఒక్కదాన్నే వచ్చాను. సీటు దొరికింది గానీ నిద్ర పట్టలేదు. ఆ అంకుల్ తన ఓటమి తను మింగి ఊరుకుని ఉంటే, నరేష్ ఆ గట్టు మీద ఎంతసేపు కూర్చునేవాడో. మీరూ ఈ పోటీలు చూడబోతే రూల్స్ తెలియకపోయినా పరవాలేదు. మీవాళ్ళు ఓడిపోయారనిపిస్తే మాత్రం, ముందు గేటు దగ్గరికి వెళ్ళండి.