ఆదివారానికి కోసి ఉంచిన గుడ్డముక్కలు

మాస్టారు పోయారన్న మాట శుక్రవారం ఉదయం విన్నాను. అంబాజీపేటలో నేను పనిచేసే కొబ్బరి కొట్టు ముందు లారీకి కాయ ఎత్తుతున్నారు. మా షూటింగ్ క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేసి, "గుమస్తాగారూ, మీకు తెలిసిందాండీ? మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయేరు. తెల్లారి టీ ఇద్దామని అమ్మగారు లేపితే లేవలేదంట," అన్నారు. నేను "ఆయ్" అన్నాను. ఆ రోజు దినచిట్టాలో ఒకే లారీని రెండుసార్లు రాసినట్టు సాయంత్రం గానీ చూసుకోలేదు.

ఆ వారంలోనే నా కొత్త పిస్టల్ చేతికి వచ్చింది. పాయింట్ టూ టూ రకం, చిన్న తూటాది, బోర్డు మీద గురి చూసి కాల్చే ఆటకి వాడేది. లైసెన్సు కోసం చాలాకాలం తిరిగాను. పిస్టల్ ఇంటికి తెచ్చిన రోజే మాస్టారికి ఫోన్ చేశాను.

"విప్పేరా?" అన్నారు, ముందుగా.

"లేదండీ. పెట్టె తెరిచి చూసి, మూసి బీరువాలో పెట్టేను."

"మంచి పని చేసేరు. తుప్పు పట్టకుండా కంపెనీ వాళ్లు గ్రీజు దట్టించి పంపుతారండీ. అది తీసి, మన నూనె వేసేదాకా ఒక్క తూటా కూడా కాల్చకూడదు. ఆదివారం చర్చి అయ్యేక మా ఇంటికి తెచ్చేయండి. అరుగు మీద కూర్చుని ఇద్దరం చేసేద్దాం. భోజనం కూడా మా దగ్గరే."

అదే మా చివరి మాట. ఆ ఆదివారానికి ఆయన లేరు.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పినవారు కాదు. సైన్యంలో తుపాకులు బాగుచేసే విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక కొత్తపేట దగ్గర కాలవ గట్టున ఇల్లు కట్టుకున్నారు. మండపేట వైపు ఒక పాత రైసు మిల్లు స్థలంలో మా క్లబ్బు పెట్టినప్పుడు, నేర్పడానికి రమ్మని ఆయన్ని అడిగారు. అప్పటినుంచి చిన్నా పెద్దా అందరికీ ఆయన మాస్టారే. ఆయన మాత్రం చిన్నవాళ్లని కూడా మీరు అనే పిలిచేవారు.

నేను క్లబ్బులో చేరానంటే కొట్టు దగ్గర అందరూ నవ్వారు. "కాయ దింపుడికి మనుషులున్నారు కదండీ, ఇక మీరు కాల్చి దింపుతారా?" అన్నాడు మేస్త్రీ. నేనూ నవ్వి ఊరుకున్నాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. పదో తరగతి తర్వాత చదువు సాగలేదు. లెక్కలు రాయడం నాకు నేనే పట్టుకున్నాను. పెళ్లి చేసుకోలేదు. ఇంటికి వెళితే పలకరించడానికి మనిషి ఉండడు. బోర్డు వంక చూస్తూ ఊపిరి బిగబట్టి నిలబడే ఆట అందుకే నచ్చిందేమో. అక్కడ మాట్లాడకుండానే నలుగురిలో ఉండవచ్చు.

కానీ మాస్టారి దగ్గర ఒక్క మాట మాత్రం తప్పనిసరి. పిస్టల్ ఎవరు చేతిలోకి తీసుకున్నా, తూటాలుండే మ్యాగజైన్ ఊడదీసి, పైనుండే స్లైడు వెనక్కి లాగి, తూటా కూర్చునే గదిలోకి చూసి "ఖాళీ అండీ" అనాలి. అప్పుడు పక్కనున్న ఇంకొకరు వచ్చి, తన కంటితో తాను చూసి "ఆయ్, ఖాళీ" అనాలి. ఆ రెండో మాట వినబడేదాకా గుడ్డ గానీ నూనె గానీ ముట్టకూడదు.

మాలో ఒకాయనకి రైసు మిల్లు ఉంది. ఆయనకి ఇది చిరాకు. "నేను చూసేను కదా మాస్టారూ. నా మీద నమ్మకం లేదా?" అన్నారొకసారి.

"మీ మీద ఉందండీ. మీ కంటి మీద లేదు. కన్ను అలవాటు పడిపోద్దండి. చూడకుండానే చూసేననేస్తది."

"మరి మీ కన్నో?"

"దాన్ని అసలే నమ్మనండీ. అందుకే కదా, మిమ్మల్ని పిలుస్తున్నది!"

ఆయన తనకి కూడా ఇందులో మినహాయింపు ఇచ్చుకోలేదు. ఒక ఆదివారం నేను బస్సు దిగి వెళ్లేసరికి షెడ్డులో ఆయన ఒక్కరే ఉన్నారు. బల్ల మీద పిస్టల్ తెరిచి ఉంది, పక్కన నూనె సీసా మూత కూడా తీయలేదు. ఎంతసేపటినుంచి కూర్చున్నారో తెలియదు. నన్ను చూడగానే చేతులు రెండూ పైకెత్తి, "రండి గుమస్తాగారూ, రండి. మీరొచ్చి ఆ మాట అంటే గానీ నా చేతులకి విడుదల లేదు," అన్నారు. నేను వంగి చూసి "ఆయ్, ఖాళీ" అన్నాను. నా నోట ఒక మాట కోసం ఒక మనిషి అలా ఎదురుచూడటం నాకు కొత్త. కొట్టులో అంకెలు తప్ప మాటలేమీ లేకుండా గడిచిపోయిన వారాలు నాకు చాలా ఉన్నాయి. ఆ వారాల్లో నన్నెవరైనా అడిగి చెప్పించుకున్న మాట అదొక్కటే.

ఆయన నేర్పే తీరు కూడా పెద్ద పాఠంలా ఉండేది కాదు. ఈ చిన్న తూటాకి మందు అంటుకునే చోటు అడుగున మధ్యలో కాకుండా అంచు చుట్టూ ఉంటుంది. అందుకని లోపల ఏమీ లేనప్పుడు ట్రిగ్గరు నొక్కితే తూటాని కొట్టవలసిన పిన్ను పోయి గది అంచునే కొడుతుంది. ఆ సంగతి చెప్పి, జేబులోంచి గోడకి స్క్రూ బిగించేటప్పుడు దూర్చే పసుపు రంగు ప్లాస్టిక్ ముక్క తీసి, గదిలో పెట్టి చూపించేవారు. "ఇప్పుడు నొక్కుకోండి ఎంతసేపైనా. పిన్ను దీన్ని కొట్టుకుంటది. హార్డువేరు కొట్లో గుప్పెడు తెచ్చేనండీ."

నూనె దగ్గర మాత్రం కటువుగా ఉండేవారు. చుక్కలు కారేలా వేస్తే ఊరుకునేవారు కాదు. "కంటికి కనబడితే ఎక్కువేసినట్టండీ. వేలికి తెలిస్తే చాలు," అని తన వేలు రాసి, మన వేలితో తడిమించేవారు. ఎక్కువైతే దుమ్ము, కాలిన మందు మసి కలిసి ముద్ద కడతాయట.

కొబ్బరి నూనె కథ ఆయనే చెప్పి ఆయనే నవ్వేవారు. సైన్యంలో చేరిన కొత్తలో వాళ్లమ్మగారు తలకి రాసుకోమని ఇంట్లో కాచిన కొబ్బరి నూనె పంపించారట. మన సీమలో తలుపు బందు కిర్రుమన్నా, కుట్టుమిషను బిగుసుకున్నా అదే వేస్తాం కదా. ఆయన కూడా అలాగే, తనకిచ్చిన రైఫిలుకి శుభ్రంగా పట్టించారు. వాళ్లని పంపింది మంచు కురిసే కొండ మీదికి. మర్నాడు పొద్దున్న వరసలో నిలబెట్టి తుపాకులు తెరవమంటే, అందరివీ తెరుచుకున్నాయట, ఈయనది తప్ప. లోపల నూనె తెల్లగా గడ్డకట్టి కూర్చుంది. "మా హవల్దారు వాసన చూసేడండీ. ఇది తుపాకీయా, మీ అమ్మ చేసిన కొబ్బరి లౌజా అన్నాడు. ఆ పేరు నన్ను రిటైరయ్యేదాకా వదల్లేదు," అనేవారు. ఎప్పుడు చెప్పినా, హవల్దారు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం అభినయించి గానీ ముగించేవారు కాదు.

నా లైసెన్సు విచారణకి కానిస్టేబుల్ వచ్చినప్పుడు మాస్టారు మా ఇంట్లోనే ఉన్నారు. సాక్షిగా ఆయన్నే పిలిచాను.

"మీకు శత్రువులెవరైనా ఉన్నారాండీ?" అని అడిగాడు కానిస్టేబుల్.

"లేరండీ."

"స్నేహితులో?"

నేను తడబడ్డాను. మాస్టారు కుర్చీలోంచి, "రాసుకోండి బాబూ, ఒకడున్నాడని. ఇక్కడే టీ తాగుతున్నాడని కూడా రాసుకోండి," అన్నారు. కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. నేను టీ గ్లాసులు కడిగే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

మాస్టారిని మట్టి చేసిన రోజు సమాధుల తోటలో వెనకవరసలో నిలబడ్డాను. క్లబ్బువాళ్లందరూ వచ్చారు. మట్టి వేసి చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చేశాను. ఆదివారం వచ్చింది, పోయింది. పెట్టె బీరువాలోనే ఉంది. వానలు మొదలయ్యాయి. మా సీమ గాలికి గోడగడియారంలో ముల్లు కూడా తుప్పు పడుతుంది. గ్రీజు ఉన్నంతవరకు పిస్టల్‌కి భయం లేదని తెలుసు. కానీ గ్రీజు తీయకుండా కాల్చకూడదు, రెండో మనిషి చూడకుండా గ్రీజు తీయకూడదు. ఆ రెండో మాట ఎవరిని అడగాలో నాకు తోచలేదు. సెక్రటరీ ఫోన్ చేసి, "క్లబ్బుకి తెచ్చేయండి, చిటికెలో చేసి పెడతాను," అన్నారు. చూద్దామండీ అన్నాను. పిస్టల్‌ని డీలరుకి తిరిగి అప్పగించి, క్లబ్బు మానేసి, పూర్వంలాగే కొట్టు, ఇల్లు అనుకుంటే సరిపోతుందనిపించింది. డీలరు నంబరు కూడా తీసి పెట్టుకున్నాను.

అప్పుడు అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఫోన్ చేశారు.

"ఆదివారం వస్తానన్నారు కదా బాబూ. రాలేదేంటి?"

"వస్తానండీ," అన్నాను.

ఆ వచ్చిన ఆదివారం లైసెన్సు జేబులో పెట్టుకుని, తాళం వేసిన పెట్టెతో వెళ్లాను. వాన అప్పుడే వెలిసింది. అరుగు మీద చాప వేసి ఉంది. అమ్మగారు లోపల్నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. మూత తీస్తే తెల్లని గుడ్డముక్కలు, అన్నీ ఒకే కొలతకి నలుచదరంగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఎప్పుడో ఈస్టరుకి కుట్టించుకున్న చొక్కా బాబూ. కాలరు చిరిగినా వదిలేవారు కాదు. గురువారం సాయంత్రం కత్తెర అడిగేరు. అదేంటండీ, ఆ చొక్కా కోసేస్తున్నారా అంటే, కొత్త పిస్టలుకి పాత గుడ్డయితేనే మెత్తగా ఉంటదే అన్నారు. మీ కోసమే కోసేరు."

ఒక ముక్క మీద జేబు కుట్టు తాలూకు దారం రంధ్రాలు వరసగా ఉన్నాయి. దాన్ని అడుక్కి పెట్టాను.

తాళం తీసి, పిస్టల్ బయటికి తీశాను. మ్యాగజైన్ ఊడదీసి, స్లైడు వెనక్కి లాగి, లోపలికి చూశాను. "ఖాళీ అండీ," అన్నాను, అలవాటుగా. అని ఆగిపోయాను. కాలవ మీద ఎవరిదో మోటారు చప్పుడు వినబడి, దూరమయ్యింది.

అమ్మగారు కొంగుతో కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. వచ్చి వంగారు. "కాస్త వెలుతురుకి తిప్పండి," అన్నారు. తిప్పాను. తొందరపడకుండా చూశారు.

"ఆయ్. ఖాళీ."

నేను ఆవిడ వంక చూశాను.

"ఏంటి అలా చూస్తారు? క్లబ్బు ఎయిర్ పిస్టళ్లు ఇంటికి తెచ్చుకుని బాగుచేసేవారు కదా. ఇంట్లో రెండో మనిషిని నేనే మరి. కూర మాడిపోద్దండీ అన్నా వినకుండా పొయ్యి దగ్గర్నుంచి లాక్కొచ్చేవారు. కానివ్వండి, చెయ్యండి."

పని మొదలుపెట్టాను. పైన ఉన్న గ్రీజు తుడిచి, గ్రీజు కరిగించే మందులో తడిపిన ముక్కని సన్నటి రాడ్డుకి తగిలించి బ్యారెల్ గొట్టంలో తోశాను. మొదటిది బెల్లం పాకం రంగులో బయటికి వచ్చింది. రెండోది లేత పసుపు. మాస్టారి చొక్కా ఒక్కొక్క ముక్కే మాసిపోతుంటే అమ్మగారు వాటిని ఏరి పాత పేపరులో పెడుతున్నారు. పొడి ముక్కతో తుడిచి, స్లైడు జారే గాడిలో ఒక్క చుక్క నూనె వేసి వేలితో రాశాను. కంటికి కనబడలేదు. వేలికి తెలిసింది. "సరిపోయిందాండీ?" అని పక్కకి తిరగబోయి, మళ్లీ పనిలోకి తల దించుకున్నాను.

చివరి ముక్కని మాస్టారు ఎప్పుడూ ఎండకి పట్టి చూసేవారు. వెలుతురులో మరక కనబడకపోతేనే పని అయినట్టు. నేను బ్యారెల్‌లోంచి తీసిన ముక్కని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అమ్మగారు దాన్ని నా వేళ్లలోంచి తీసుకుని అరుగు చివరికి వెళ్లారు. రెండు అంచులూ పట్టుకుని ఆకాశం వైపు ఎత్తారు. ఎన్నో ఆదివారాలు ఉతికి ఉతికి పలచబడిన గుడ్డ. దానిలోంచి కాలవ నీళ్లు, అవతలి గట్టున కొబ్బరి ఆకుల పచ్చదనం మసకగా కనిపిస్తున్నాయి.

"మరక లేదు బాబూ," అన్నారు.

చెయ్యి మాత్రం దించలేదు. గాలికి ఆ ముక్క ఆవిడ వేళ్ల మధ్య కొద్దిగా ఉబ్బి, మళ్లీ సర్దుకుంది.