బాలింత గది తలుపు

డిసెంబరులో కశ్మీర్‌ కొండ మీది సైనిక పోస్టుకు చేరాను. హెలికాప్టర్ దిగగానే ముక్కులో ఊపిరి గడ్డకట్టింది. బరువు బూట్లు, రెండు జతల చేతితొడుగులు, రైఫిల్. ఆరుగురికి ఒక బంకరు. మధ్యలో బుఖారీ అనే కిరోసిన్ పొయ్యి.

హవల్దార్ మొదటి ఆజ్ఞ శత్రువు గురించి కాదు. "పడుకునే ముందు బుఖారీ ఆర్పాలి. గాలి కన్నం మూయొద్దు. మూశారా, పొద్దున లేవరు." చలికి పళ్లు టకటకలాడుతుంటే ఆ కన్నాన్ని తిట్టుకునేవాళ్లం. మూసింది మాత్రం లేదు.

జనవరిలో నా భార్య స్వప్న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో కొడుకును కన్నది. మామూలు కాన్పు. ఆమెకు తల్లి లేదు. మా అమ్మే రావిర్యాలలోని మా ఇంటికి తీసుకెళ్లింది. పోస్టులో ఫోను వారానికొకసారి, అదీ వాతావరణం దయతలిస్తే.

ఊళ్లో ఎవరైనా కాల్పుల గురించే అడుగుతారు. నేను భయపడింది ఆ ఫోను దగ్గర.

"తల పలిగిపోతున్నది. కక్కుతున్న," అంది స్వప్న. "పిల్లగాడు పాలు తాగుతలేడు. ఊకె పండుకుంటుండు."

"గదిల ఏమున్నది?"

"మంచం కింద బొగ్గుల కుంపటి. తలుపు, కిటికీలు బంద్."

పక్కనే ఉన్న నర్సింగ్ అసిస్టెంట్‌కు చెప్పాను. పోస్టులో వైద్యమంతా అతనే. "మూసిన గదిలో బొగ్గుల గాలి విషం. తలుపు తెరిపించు, ఇప్పుడే," అన్నాడు.

అమ్మకు ఫోనిమ్మన్నాను. "అమ్మా, కుంపటి బయట పెట్టు. ఇద్దరిని దవాఖానకు తోల్కపో."

"నాకే సెప్తవారా? బాలింతకు గాలి తగలొద్దు. నీకంటె ముందు పుట్టినోడు సలికే పోయిండు. నా చేతులల్లనే పోయిండు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఇంకేదో అరిచాను. లైను తెగిపోయింది.

మంచు తుఫాను. ఫోను మళ్లీ పలకలేదు. సెలవడిగితే హవల్దార్ ఆకాశం చూపించాడు. సరిహద్దు కాస్తున్నాను, ఇంట్లో ఒక తలుపు తీయించలేకపోతున్నాను. అమ్మ మీద కోపం. ఆమె నిద్రమాని నిప్పులు కాస్తోందని తెలిసి ఇంకా కోపం. గడ్డకట్టిన మంచును తన్నాను. కాలి వేలు వాచింది.

తుఫాను తగ్గాక సెలవిచ్చారు. ఇల్లు చేరేసరికి పట్టపగలు. అమ్మ వాకిట్లో బొగ్గులు రాజేస్తోంది. "మంచిగనే ఉన్నరు, ఫికర్ చెయ్యకు," అంది.

గది తలుపు మూసే ఉంది. నెట్టబోయి ఆగిపోయాను. తలుపు కింది సందులోంచి చిన్న వేళ్లు బయటికొచ్చి కదులుతున్నాయి.

"స్వప్నా."

"మెల్లగ తియ్యి," అంది లోపలి నుంచి, నేల మీది నుంచే. "ఫోన్ల నువ్వు అత్తమ్మకు చెప్పింది ఇన్న. తలుపు తియ్యనియ్యలే. ఆమె అటు పోంగనె పిల్లగాన్ని ఈడ పండవెడుతున్న. గిక్కడ జర గాలొస్తది."

ఇద్దరూ బతికారు. కొడుకు ఇప్పుడు బడికి పోతున్నాడు. నేను సైన్యం వదిలేశాను. ఎక్కడైనా మూసిన తలుపు కనబడితే, నా చూపు ముందు కిందికే పోతుంది.