కరెంటు ఇరవై నిమిషాల్లో వస్తుందన్న శనివారం

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఒక కారు విడిభాగాల కంపెనీలో నేను స్టోరేజ్ చూసేదాన్ని. అంటే కంపెనీ ఆర్డర్లన్నీ ఉండే డిస్కులకు కాపలా. వాటి నకలు ఒకటి చికాగోలో ఉండేది. ఇక్కడ రాసింది కొన్ని నిమిషాల తేడాతో అక్కడికి చేరుతుంటుంది. ఇక్కడేదైనా మునిగితే ఆ నకలు మీదికి మారిపోవచ్చు. కానీ మారితే, అప్పటికింకా అక్కడికి చేరని ఆర్డర్లు గంగలో కలిసినట్టే. మారకపోతే ఫ్యాక్టరీ దగ్గర ట్రక్కులు నిలబడిపోతాయి. ఎలా మారాలో నలభై పేజీలు రాసిపెట్టారు. ఎప్పుడు మారాలో మాత్రం డ్యూటీలో ఉన్నవాళ్ళు చూసుకోవాలట. రాసినవాడు గడుసువాడు.

నేనేమో హోటల్లో కూడా పక్కవాళ్ళేం చెబితే అదే తెప్పించుకునే మనిషిని. పైగా అంతకుముందు ఏడాది కరెంటు పోతే మా టీములో ఒకాయన తొందరపడి మార్చేశాడు. ఐదు నిమిషాలకే కరెంటు వచ్చింది. పోయిన ఆర్డర్లకు సంజాయిషీలు చెప్పుకోలేక ఉద్యోగమే మానేశాడు. మా ఇంటిల్లిపాది వీసాలూ నా ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. నేను మానేసే ప్రశ్నే లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం, ఆ డిస్కులుండే మా డేటా సెంటర్‌లో కరెంటు పోయింది. జనరేటరు మొండికేసింది. మేనేజరు చేపలు పట్టడానికెళ్ళి ఫోనెత్తడం లేదు. డ్యూటీ నాది. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, కాన్ఫరెన్స్ కాల్ స్పీకర్లో పెట్టాను. ఎదురుగా మా మామగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు, ఆర్నెల్లుండి వెళదామని వచ్చారు.

కాల్‌లో ఏడుగురం. ఏ డిస్కు సంగతి అడిగినా టకటకా చెప్పారు. "మార్చేద్దామా?" అంటే మాత్రం అందరి ఫోన్లూ ఒకేసారి మూగబోయాయి. డేటా సెంటర్ ఆయనొక్కడే, ఇరవై నిమిషాల్లో కరెంటు వచ్చేస్తుందన్నాడు. ఇరవై నిమిషాలయ్యాక ఇంకో ఇరవై అన్నాడు. మూడోసారీ అదే మాట. నేను మ్యూట్ నొక్కి తల పట్టుకున్నాను.

"అమ్మాయ్, ఆ ఇరవై నిమిషాలాయన జనరేటర్ దగ్గరున్నాడా, ఫోన్ దగ్గరున్నాడా?" అన్నారు మామగారు.

"ఫోన్ దగ్గరే మామయ్యగారూ. ఎలక్ట్రీషియన్ ఇంకా రాలేదట."

"అయితే అతనికేం తెలీదు. బండి ఎక్కడుందో తెలిస్తే ఫలానా స్టేషన్ దాటిందని చెప్తాం. తెలీకపోతే ఇరవై నిమిషాలు లేటంటాం. గంటంటే జనం మీదపడి కొడతారు. పదంటే అప్పుడే సామాన్లు నెత్తికెత్తుకుంటారు. ఇరవై అంటే బుద్ధిగా కూచుంటారు. ముప్పై నాలుగేళ్ళు నేను చెప్పిన అబద్ధమే అది."

పెళ్ళికి ముందు నేను కాలేజీకి వెళ్ళింది ఈయనగారి లైన్లోనే. బుద్ధిగా కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే మ్యూట్ తీసి, ఎలక్ట్రీషియన్ ఎక్కడిదాకా వచ్చాడని అడిగాను. ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాడన్నాడు అవతలాయన.

"అయితే మార్చేస్తున్నాం," అన్నాను.

మార్చమన్నది ఎవరని రాయాలని ఒకతను అడిగాడు. నేను మామగారి వైపు చూశాను. ఆయన గభాలున చిక్కుడుకాయల్లో తలదూర్చారు. "నా పేరే రాయండి," అన్నాను.

ఆరు నిమిషాల ఆర్డర్లు పోయాయి. ట్రక్కులు మాత్రం కదిలాయి. కరెంటు ఆదివారం సాయంత్రానికి గానీ రాలేదు.

సోమవారం మేనేజరు గదిలోకి పిలిచాడు. బాగా చేశావన్నాడు. ఇక మీదట ఎప్పుడు మార్చాలన్నా నన్నే అడుగుతారట, సెలవులో ఉన్నా సరే. వీసాలు నిలబడ్డాయన్న సంతోషం లిఫ్టు దిగేలోపే ఆవిరైపోయింది.

ఇంటికొచ్చి మామగారి మీద విరుచుకుపడ్డాను. "అంతా మీవల్లే. మీరు మార్చమనబట్టే కదా నా నెత్తికి చుట్టుకుంది!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనా? అతనికేం తెలీదన్నాను గానీ, మార్చమని ఎప్పుడన్నానమ్మా?"

ఆ మధ్యాహ్నమంతా మాట మాటా గుర్తు చేసుకున్నాను. నిజమే, ఆ మాట అన్నది నేనొక్కదాన్నే.