కండువా కింద చెయ్యి

పోయిన నెల ఊరగాయ కారానికి మంచి కాయ కావాలని మనవరాలిని వెంటబెట్టుకుని గుంటూరు మిరపయార్డుకి వెళ్ళాను. ప్యాకెట్లో కారం దొరుకుతుంది కదా అని అది దారి పొడుగునా నసుగుతూనే ఉంది గాని, దుకాణంలో పుట్టి పెరిగిన ప్రాణం నాది, కాయని చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వినందే సంచిలో వేయించుకోలేను. తీరా వెళితే ధరలన్నీ గోడమీద ఎర్రటి అంకెలతో వెలుగుతూ ఆరుతూ కనిపించాయి. కొనేవాడు ఫోను చూసుకుంటున్నాడు, అమ్మేవాడూ ఫోనే చూసుకుంటున్నాడు, మధ్యలో బస్తాలు. అలా చూస్తూ నిలబడ్డదాన్ని, నాకు తెలియకుండానే నా కుడిచెయ్యి పమిటచెంగు కిందికి వెళ్ళి, వేళ్ళు విప్పుకుని, ఎవరి చెయ్యో వచ్చి తగులుతుందని ఎదురుచూస్తూ ఉండిపోయింది. మనవరాలు చూసి, చలేస్తోందా అమ్మమ్మా అని అడిగింది. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో.

మా ఈడువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు గాని, చిన్నవాళ్ళెవరైనా పొరపాటున చదువుతారేమోనని చెబుతున్నాను. ఎద్దుల బేరమైనా మిరపకాయ బేరమైనా మా వైపు నోటితో చేసేవారు కాదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, చేతులమీద ఒక కండువా కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకునేవారు. నచ్చకపోతే చెయ్యి లాక్కోవడం, కుదిరితే అరచేతిలో అరచెయ్యి వేసి గట్టిగా నొక్కి వదలడం. చుట్టూ సంతంతా మూగినా ఆ ఇద్దరికి తప్ప సంగతి ఎవరికీ తెలియదు. మనిషికి మనిషి తగిలితే ఇంటికెళ్ళి స్నానం చేసే రోజుల్లో కూడా కండువా కింద చేతులకి మాత్రం అంటు లేదు. వ్యాపారానికి ఆ సౌలభ్యం ఎప్పుడూ ఉంది.

నేను పెరిగింది పర్చూరులో మా నాన్న కొట్లో, గల్లాపెట్టె పక్కన బల్లమీద. ముందు పప్పులూ ఉప్పులూ, వెనక వసారాలో ఎండుమిరప బస్తాలు. నాన్న ఎంత చెమట పట్టినా ముఖాన్ని భుజానికేసి రుద్దుకునేవాడు గాని చేత్తో తుడుచుకోగా నేను చూడలేదు. మా ఇంట్లో అందరం అంతే, అది అలవాటని కూడా మాకు తెలియదు. ఇక బేరమంటారా, నాకు పళ్ళు రాకముందే వచ్చిందని మా వాళ్ళు నవ్వేవారు. పరీక్ష పాసయితే కీర్తనల పుస్తకమంతా బట్టీ పడతానని ప్రభువుకి మొక్కుకుని, హాలు టిక్కెట్టు వచ్చాక సగానికి దించి, తీరా పాసయ్యాక ఒక్క కీర్తనకి, అదీ రెండు చరణాలకి, ఆయన్ని ఒప్పించిన రకాన్ని నేను.

టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, అంటే అరవైల మొదట్లో, నాకు నవల రాయాలన్న దురద పుట్టింది. ఆడపిల్లలందరూ వారపత్రికల్లో సీరియళ్ళు కత్తిరించి కుట్టుకుని చదివే కాలం అది. నేనూ రాయగలననిపించింది. కథ కోసం ఎక్కడికో పోనక్కర్లేకుండా మా ఇంట్లోనే ఒకటి సిద్ధంగా ఉంది, పైగా ఉచితంగా. అచ్చుకి మా మేనత్త భర్త ఉన్నాడు. మామయ్య గుంటూరులో పాస్టరు, సంఘం మాసపత్రిక ఆయన చేతిమీదుగానే వచ్చేది.

ఆ కథ మా సంఘంలో అందరికీ తెలిసిందే. మా తాతయ్య పేరున్న వర్తకుల ఇంట్లో పుట్టినవాడు. ఒక సంతరోజున, సంత చివర వేసిన పందిట్లో మిషను దొరగారి ప్రసంగం వింటూ అందరిముందూ కన్నీరుమున్నీరుగా ఏడ్చాడు. ఆ తర్వాత తల్లినీ అన్నదమ్ములనీ ఆస్తిలో వాటానీ వదులుకుని బాప్తిస్మం పుచ్చుకున్నాడు. మరి కొన్నాళ్ళకి, అదే పందిట్లో కీర్తనలు పాడే పేద క్రైస్తవ రైతు కూతుర్ని పెళ్ళాడాడు. ఆ అమ్మాయే మా నాయనమ్మ. మా ఊరి సంఘానికి ఆ కన్నీళ్ళే పునాది అని ఏటా వార్షికోత్సవంలో పెద్దలు చెప్పడం, ముందు వరసలో కూర్చున్న నాయనమ్మ తల దించుకోవడం, అది వినయమని మేమందరం మురిసిపోవడం మామూలు.

తాతయ్య అప్పటికే లేడు. నాయనమ్మ వెనక వసారాలో నులకమంచం మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ ఉండేది. వద్దన్నా వినేది కాదు, చేతులు ఊరికే ఉంటే మనసు ఊరుకోదనేది. బడినుంచి రాగానే ఆ పక్కనే కూర్చుని రాసింది రాసినట్టు చదివి వినిపించేదాన్ని. నా నవల్లో నాయికవి తామరతూళ్ళలాంటి చేతులు. అది విని ముసలామె తన వేళ్ళు ఓసారి చూసుకుని మళ్ళీ తొడిమల్లో పడేది. నాయకుడు పందిట్లో ఏడ్చే ఘట్టం దాకా అలాగే సాగింది. ఆ ఘట్టానికి నేను చాలా శ్రమపడ్డాను, రాస్తూ రెండు కన్నీటి చుక్కలు నేనే కార్చాను కూడా. చదవడం పూర్తిచేసి మెచ్చుకోలు కోసం తలెత్తేసరికి ఆవిడ చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"ఆయన ఏడ్చిన మాట నిజమేనే," అంది. "ఎందుకేడ్చాడో నాకు తెలియదు."

ఆ సాయంత్రం ఆవిడ చెప్పింది అంతకుముందు ఎవరికీ చెప్పలేదట. వాళ్ళ నాన్నకి కుడిచేతి వేళ్ళు ఏదో జబ్బు చేసి ముడుచుకుపోయాయి, కండువా కింద పట్టుకోవడానికి పనికొచ్చేవి కావు. నమ్మకంగా చెయ్యి అందించేవాళ్ళు వేరే లేక ఆ సంతరోజున కూతుర్ని నిలబెట్టాడు. అటు కొనడానికి వచ్చింది మా తాతయ్య. తెల్లవారినప్పటినుంచీ తొడిమలు తీసి తీసి ఆవిడ చెయ్యి నిప్పులా ఉంది. బేరం ఎంతసేపటికీ తెగలేదు. ధర అప్పటికే కుదిరిపోయింది గాని చెయ్యి మాత్రం వదలలేదని చెప్పడానికి ఆవిడ చాలా అవస్థపడింది, ఆ వయసులో కూడా. చివరికి అరచెయ్యి నొక్కి వదిలాడు. ఆవిడ సిగ్గుతో తల దించేసుకుంది. ఆ తర్వాత ఆయన ఆ చెయ్యి ఏం చేశాడో చూడలేదు. మళ్ళీ తలెత్తి చూసింది పందిట్లోనే, కీర్తన పాడుతూ. అప్పటికే ఆయన కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండి ధారలు కడుతున్నాయి. జనమంతా స్తోత్రం స్తోత్రం అంటున్నారు.

మిరప చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో మా జిల్లాలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. ఆవిడ నవ్వలేదు.

"నా కోసమే అయితే ఆయన పోగొట్టుకున్నదంతా నా నెత్తిన ఉన్నట్టే. ప్రభువు కోసమైతే నేను కొసరుని."

కొట్లో సరుకు తూచాక ఊరికే చేతిలో పెట్టే చిటికెడు బెల్లమే కొసరు. ఇన్నేళ్ళ కాపురంలో తాతయ్యని ఒక్కసారైనా అడగలేదా అంటే, రెండిట్లో ఏ జవాబు వచ్చినా తట్టుకునే దారి తెలియక అడగలేదంది. వాళ్ళత్తగారు, అంటే తాతయ్య కన్నతల్లి, చనిపోయినప్పుడు ఆయన్ని గుమ్మం దగ్గరే ఆపేశారట. ఆ రోజు తిరిగొచ్చి వసారాలో అటూ ఇటూ తిరుగుతున్న మనిషిని చూస్తూ, ఇదంతా ఎవరి మూలానా అని తనలో తనే నలిగిపోయిందట. ఆపైన నా కాగితాలవైపు గడ్డంతో చూపించి, నువ్వు రాస్తున్నావుగా, ఆలోచించి రాయి, అచ్చులో ఏముంటే అది నమ్ముతాను అంది. అచ్చు అంటే ఆవిడకి బైబిలే. అచ్చులో పడింది అబద్ధమయ్యే వీలుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

అక్కడినుంచి నాకు కుదురు పోయింది. బళ్ళో పిల్లలు ఎక్కాలు తప్పు చెబుతున్నా తల ఊపేదాన్ని. రోజుకొక రకంగా రాయడం, మర్నాడు చింపడం. ఒకరోజు తాతయ్య భక్తుడు, మరో రోజు ప్రేమికుడు. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే మంచం మీదనుంచి ఆ చూపు. నోటితో అడిగేది కాదు, కాగితాలకేసి చూసేది, అంతే.

చివరికి ఉన్నది ఉన్నట్టు రాసి, మూట కట్టుకుని గుంటూరు బస్సెక్కాను. మామయ్య పుట్టి పెరిగింది గోదావరి లంకల్లో. మంచి మనిషే గాని, పెళ్ళికి ముందు నాయకుడి చెయ్యి నాయికకి తగిలితే పత్రిక కాలిపోతుందని ఆయన భయం. అది తెలిసే నేను సరుకు సిద్ధం చేసుకుని వెళ్ళాను. నాకు కావలసింది ఒక్క చెయ్యి. అందుకని ముందు ఒక కౌగిలి, ఒక ముద్దు, వెన్నెల్లో ఒక పడవ షికారు కూడా వేసి పెట్టాను, ఆయనకి కొట్టేయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. పర్చూరులో పడవ ఎక్కడిదన్న అనుమానం కూడా రాకుండా ఎర్రసిరాతో ముద్దు కొట్టేశాడు, కౌగిలి కొట్టేశాడు, పడవ ముంచేశాడు. ఒక్కోదానికీ నేను ప్రాణం పోయినట్టు మూలిగాను. ఆ మూలుగులకి కరిగి, కండువా కింద చెయ్యి మాత్రం వ్యాపారం కాబట్టి పోనీలెమ్మని వదిలిపెట్టాడు. లోపలినుంచి మా అత్త కాఫీ తెచ్చి, నా ముఖం చూసి, వాళ్ళాయనకేసి జాలిగా చూసింది. ఆవిడా మా వసారాలో పెరిగిందేగా.

కాని కన్నీళ్ళ దగ్గర మామయ్య కలం మూతపెట్టి కిందపెట్టాడు.

"సంఘం పునాది కింద మిరపకాయ పెడతావటమ్మా?" అన్నాడు, కోపంగా కాదు, బాధగా.

ఒకవేళ తాతయ్య నిజంగానే ప్రభువు కోసం ఏడ్చి ఉంటే, నేను రాసింది ఆయన మీద అపనింద కదా అన్నాడు. నువ్వు చూశావా, పోనీ ఆవిడైనా చూసిందా అన్నాడు. ఎవరూ చూడలేదు. కారణం చెప్పే వాక్యాన్ని నేనే కొట్టేశాను. అటు ప్రభువు కోసమనీ రాయలేదు, ఇటు నాయనమ్మ కోసమనీ రాయలేదు. తెల్లవారినప్పటినుంచీ పిల్ల తొడిమలు తీసింది, కండువా కింద చెయ్యి ఇచ్చింది, ఆ తర్వాత అతను పందిట్లో నిలబడి ఏడ్చాడు. అంతే అచ్చయింది.

మామయ్య లంకల మనిషి కాబట్టి ఆ ఒక్క వాక్యం పోతే ఇక ఎవరికీ ఏమీ తోచదనుకున్నాడు గాని, పత్రిక చదివేవాళ్ళంతా మిరపచేల మధ్య బతికేవాళ్ళు. ఆ ఆదివారం గుడిలో ఆడవాళ్ళు నాయనమ్మని చూసి పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎదుటి కొట్టాయన నాన్నతో, మీ నాన్నది గట్టి బేరమేనోయ్ అన్నాడు. నాయనమ్మకి అవేవీ పట్టలేదు. ఆ పేజీని వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది, మళ్ళీ మొదటికొచ్చి చదివింది, మడిచి నా చేతికిచ్చింది. నువ్వూ చెప్పలేదుగా అంది. నా సాహిత్య జీవితంలో అంతకంటే పెద్ద విమర్శ నేను ఎరగను.

నాన్న ఆ పత్రిక తెరిచింది ఎదుటాయన ఎత్తిపొడుపు తర్వాతే. కొట్టు కట్టేసే వేళ గడపమీద కూర్చుని చదివి, కాసేపు చెవి గోక్కుని, మంచం దగ్గరికి వచ్చాడు. ఆయన నవలలు చదివే మనిషి కాదు, సరుకులో తేడా చూసినట్టు చూశాడు.

"మిరపకాయ బేరం చేసేవాడు కంటికి చెయ్యి పెట్టడమా, నేన్నమ్మను. నాన్నే నాకు నేర్పాడు, భుజానికి రుద్దుకోమని. పెట్టుకున్నాడూ అంటే, ఆ పూట ఒళ్ళు తెలియలేదన్నమాట."

అని ఆయన దారిన ఆయన తలుపు చెక్కలు వేసుకోవడానికి వెళ్ళిపోయాడు. నాకు అర్థమయ్యేలోపే నాయనమ్మకి అర్థమైంది. కంటికి చెయ్యి పెట్టకపోతే ఆ ఏడుపు ప్రభువుదే, మిరపకాయది కాదు, ఆయన పోగొట్టుకున్నది ఆవిడ నెత్తిన లేదు. పెట్టాడంటే, పుట్టినప్పటినుంచీ వచ్చిన పాఠం మర్చిపోయేంతగా ఆ చెయ్యి ఆయన్ని మరిపించింది, ఆవిడ కొసరు కాదు.

"ఎటు తిప్పినా నాకు నష్టం లేదు," అంది మెల్లగా.

అని నా కుడిచెయ్యి అందుకుని, దుప్పటి అంచు కిందికి లాగింది. వేళ్ళేమీ పట్టుకోలేదు, ధరేమీ చెప్పలేదు. తొడిమలు తీసి తీసి గరుకైన అరచేతిని నా అరచేతిలో వేసి, గట్టిగా నొక్కి, వదిలేసింది. ఎవరితో బేరం కుదుర్చుకుందో నేను అడగలేదు. నాలుగు రోజులు పోయాక మళ్ళీ, ఏమేవ్, నిజంగా పెట్టుకుని ఉంటాడంటావా అని అడిగిన మాట కూడా దాచను. నెమ్మదించిందే గాని, పూర్తిగా వదల్లేదు. ఆ తర్వాత వేసవికి ఆవిడ వెళ్ళిపోయింది. ఇప్పటికి నేరుగా ఆయన్నే అడిగి ఉంటుంది.

ఆ నవల పుస్తకంగా రాలేదు. పత్రిక ఆగిపోయింది, కొట్టు చేతులు మారింది. తొడిమలు తీసేవాళ్ళు ఇప్పుడు రబ్బరు తొడుగులు వేసుకుంటున్నారు, మంచిదే, చేతులు మండవు. ధర అందరికీ కనబడేలా గోడమీద వెలుగుతోంది, అదీ మంచిదే, ఎవరూ మోసపోరు. కాని పదిమంది మధ్యలో నిలబడి, ఇద్దరు మనుషులు పదిమందికీ తెలియని మాటొకటి చెప్పుకోవడానికి మూరెడు గుడ్డ చాలిన కాలం ఒకటి ఉండేదని ఈ పిల్లకి ఎలా చెప్పను?

యార్డులోంచి బయటికొస్తుంటే నా కళ్ళు నిండాయి. ముఖాన్ని భుజానికి రుద్దుకున్నాను, చెయ్యి పెట్టలేదు. ఘాటా అమ్మమ్మా అంది మనవరాలు. అవునన్నాను. వెంటనే నమ్మేసింది. ఈ కాలం పిల్లలు బేరమాడరు.