బాపుకు మాత్రమే వినపడిన చప్పుడు

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. మా గలీలో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తారు. నేను దగ్గుకుంటూ బయటికొచ్చి, ముందు రక్తపరీక్ష చేయించండి అని పోట్లాడే రకం. నేను మైనింగ్ ఇంజినీర్ని. చప్పుడు వినపడితే కారణం వెతకమనే నాకు చదువు చెప్పారు. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మాది సిరిసిల్ల వైపు పల్లె. మా నాన్నను బాపు అంటాను. ఆయన పెళ్లికి ముందే సూరత్ వచ్చి మరమగ్గాల పనిలో పడ్డాడు. నేను సూరత్ పక్కన కడోదరాలోనే పుట్టి పెరిగాను. ఇంటి గోడకు అవతలే కార్ఖానా. ఆ మోతలో బతికి బతికి బాపు చెవులు పోయాయి. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా అరిస్తే సగం అందుకునేవాడు. దీపావళి పటాకులు కూడా ఆయనకు లేనట్టే. అమ్మకు కోపమొస్తే ఆయన వెనక నిలబడి కడుపునిండా తిట్టుకునేది. ఇంత సౌకర్యం ఏ ఆడదానికీ లేదని మళ్లీ తనే నవ్వేది.

నేను మైనింగ్ చదవడానికి కారణం మా మేనమామ, అమ్మకు అన్న. మంచిర్యాల వైపు బొగ్గుబాయిలో సర్దార్‌గా చేసేవాడు. పనివాళ్లు లోపలికి వెళ్లేముందు ఆ చోటు భద్రమో కాదో చూసి చెప్పడం ఆయన పని. మీటర్ల లెక్కన కూలి వచ్చే మా ఇంట్లో, జ్వరంతో పడుకున్నా నెల తిరగ్గానే జీతం పడే ఆ ఉద్యోగం అందరికీ అబ్బురంగా ఉండేది. "మగ్గం ఆగితే పగార్ ఆగుతది బిడ్డా, బాయి పని గట్ల కాదు" అని బాపే నన్ను ఆ చదువుకు పంపాడు. మామ వాళ్లింట్లో ఉండి చదువుకున్నాను. సూరత్‌లో మాత్రం గని అంటే వజ్రాలే గుర్తొస్తాయి; గని ఇంజినీర్నంటే ఇప్పటికీ వరాఛా వీధుల్లో హీరాలు సానబెట్టేదాన్ననుకుంటారు.

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మామతో కలిసి బాయిలోకి దిగాను. ఆయన కప్పును పరీక్షించే పద్ధతి అప్పుడే చూశాను. ఒక అరచేయి పై బండకు ఆనించేవాడు. రెండో చేతిలోని కర్రతో మూడు దెబ్బలు కొట్టేవాడు. బండ గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది, ఆనించిన చేతికి సన్నగా వణుకు తెలుస్తుంది. ఇది సర్దార్లందరూ చేసేదే. మామకు మాత్రం సొంత అలవాటొకటి ఉండేది. మూడో దెబ్బ తర్వాత కర్ర కొనతో బండను ఒకసారి బర్రున గీరేవాడు. ఎందుకు మామా అని అడిగితే కారణమేమీ లేనట్టు "ఊకెనే" అనేవాడు.

డొల్ల తేలినా ఆయన కేకలు వేసేవాడు కాదు. జనం కంగారుపడితే ఒకరి మీద ఒకరు పడతారని ఆయన భయం. ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేవాడు. "నెమ్మదిగ పోండ్రి, ఉరుకకుండ్రి" అనేవాడు. అందరూ దాటాకే తను కదిలేవాడు. అలాంటి మనిషి బాయిలో పోలేదు. రిటైరయ్యాక, ఊపిరితిత్తులు పాడై ఇంట్లో మంచం మీదే పోయాడు.

చదువయ్యాక నాకు సూరత్‌కు గంటన్నర దూరంలో ఉన్న లిగ్నైట్ గనిలో, ఒక కాంట్రాక్టర్ కింద ఉద్యోగం దొరికింది. పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని అది. తలమీద కప్పు ఉండదు, ఆకాశమే. మంచి నెలల్లో హీరాలు సానబెట్టే మా పక్కింటతనికి నాకంటే ఎక్కువే వచ్చేది. జీతం సంగతి అలా ఉంచితే, ముందుకు దారే లేకపోవడం నన్ను తినేసేది. మా వృత్తిలో పైకి రావాలంటే మేనేజర్ సర్టిఫికెట్ ఉండాలి. భూగర్భ గనిలో పనిచేసిన అనుభవం లేనివాళ్లకు ఓపెన్‌కాస్ట్ వరకే చెల్లే సర్టిఫికెట్ ఇస్తారు. దానితో పెద్ద ఉద్యోగాలు సగం చేజారినట్టే. అసలు ఆడవాళ్లను లోపల పనికి దిగనివ్వడమే ఈమధ్య మొదలైంది.

సరిగ్గా అప్పుడు రాజస్థాన్‌లోని ఒక భూగర్భ గని నుంచి పిలుపొచ్చింది. జీతం దాదాపు రెట్టింపు. క్వార్టర్ ఇస్తామన్నారు, లోపలికి దిగినందుకు వేరే అలవెన్సు అన్నారు. అన్నిటికంటే నాకు ఆ అనుభవం కావాలి. అమ్మ ముఖం మాడ్చుకుంది. బాపు మాత్రం ఆ ఉద్యోగం తనకే వచ్చినంత సంబరపడ్డాడు. "పో బిడ్డా, నా లెక్క మీటర్లు కొలుసుకుంట బతకకు" అన్నాడు. గలీలో చాయ్ బండివాడి దాకా అందరికీ చెప్పుకొచ్చాడు.

ఆ మర్నాడు నాకు వారపు సెలవు. మధ్యాహ్నం భోజనం చేసి బాపు మంచం మీద నడుం వాల్చాడు. ఉన్నట్టుండి లేచి కూర్చుని పైకి చూశాడు. "మీద ఎవడు కొడుతుండు?" అన్నాడు. నాకు మగ్గాల మోత తప్ప ఏమీ వినపడలేదు. అమ్మకూ అంతే. మా ఇంటి మీద ఇంకో అంతస్తు లేదు. డాబా ఎక్కి చూశాను. నీళ్ల ట్యాంకు, ఆరేసిన బట్టలు తప్ప ఏమీ లేవు.

చెవిటి మనిషికి చప్పుడు వినపడిందని అమ్మ పడీపడీ నవ్వింది. మరుసటి రోజూ వినపడింది. ఆ మరుసటి రోజూ వినపడింది. అప్పుడు అమ్మ నవ్వడం మానేసింది.

సూరత్‌లోనే ఆల్థాన్‌లో ఉన్న చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇన్నేళ్లు మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లకు లోపలే హోరు, టకటకలు వినపడటం మామూలేనని ఆయన చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాకు కావలసింది అలాంటి కారణమే.

ఇంటికొచ్చాక, అసలు ఎలా వినపడుతోందో చేసి చూపించమని బాపును అడిగాను. ఎడమ అరచేయి గోడకు ఆనించాడు. కుడిచేతి కణుపులతో మూడుసార్లు కొట్టాడు. తర్వాత గోటితో గోడను ఒకసారి బర్రున గీరాడు.

అది మామ అలవాటు. బాపు ఏనాడూ బాయిలోకి దిగలేదు. మామ ఏనాడూ సూరత్ రాలేదు. ఇద్దరూ కలిసేది పెళ్లిళ్లలోనే. ఆ గీరడం గురించి నేను ఇంట్లో చెప్పిన గుర్తు లేదు, అది చెప్పుకునేంత సంగతి కూడా కాదు. చప్పుడు ఎట్ల ఉంది బాపూ అని అడిగాను. "డొల్లగ" అన్నాడు.

అమ్మ ఏడుపు అందుకుంది. "మా అన్ననే. పిల్లను బాయిల దిగనియ్యద్దని చెప్పవట్టిండు" అంది. ఆమెను కసిరాను గానీ నా చేతులు ఊరుకోలేదు. స్టూలు ఎక్కి, మామ నేర్పినట్టే అరచేయి ఆనించి, బూజుకర్రతో ఇంటి కప్పంతా తట్టి చూశాను. మూలమూలా గట్టిగా పలికింది. ఇంటి కప్పు బాగానే ఉంది కాబట్టి, ఇక మిగిలింది రాజస్థాన్ గని కప్పే. ముగ్గురం అదే అనుకున్నాం.

ఊరంతా గొప్పగా చెప్పుకున్న బాపే వద్దన్నాడు. "పగార్ జర తక్కువుంటే ఉండనీ. నువ్వు ఈడనే ఉండు" అని నా చేయి పట్టుకున్నాడు. ఎంతో వాదించాను. ఆయన కళ్లలో భయం చూడలేక చివరికి ఒప్పుకున్నాను. చప్పుడు వినపడింది కాబట్టి రానని ఎవరికి చెప్పగలను? మా నాన్నకు ఒంట్లో బాగోలేదని అబద్ధం రాసి పంపాను. పంపాక బాత్రూంలోకి వెళ్లి నల్లా తిప్పుకుని ఏడ్చాను.

నెల తిరగలేదు. ఆ రోజు కార్ఖానాలకు సెలవు. మగ్గాలన్నీ ఆగిపోయి, గలీలో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. చప్పుడు మాట బాపు ఎత్తక చాలా రోజులైంది, అది పోయిందనే అనుకున్నాం. పొద్దున్నే మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. ఈసారి పైకి చూడలేదు. తల వంచి తన ఛాతీ వైపు చూసుకున్నాడు. అరచేయి అక్కడ ఆనించుకుని వింటున్నట్టు కూర్చున్నాడు. మాకేమీ వినపడలేదు.

తర్వాత మామూలు గొంతుతోనే, "ఇద్దరు పోయి మీద ఆరేసిన బట్టలు తీస్కరాండ్రి" అన్నాడు. ఇప్పుడే కదా ఆరేసింది, తడిగా ఉంటాయని అమ్మ అంది. ఆయన ఆమె పెదవుల వైపు చూడనే లేదు. "పోండ్రి. నెమ్మదిగ పోండ్రి, ఉరుకకుండ్రి" అన్నాడు.

ఆ మాట ఎక్కడ విన్నానో నాకు డాబా మీద, చేతిలో తడి చీరతో నిలబడ్డాక తట్టింది. పరుగెత్తుకుంటూ దిగాను. బాపు గోడకు ఒరిగి ఉన్నాడు. చాయ్ గ్లాసు చుక్క ఒలకకుండా కింద పెట్టి ఉంది.

బాపు దక్కలేదు. గుండె అన్నారు ఆస్పత్రిలో. ఎప్పటినుంచో లోపల దెబ్బతింటూ వచ్చి ఉంటుందన్నారు. నేను ఆయన చెవులు చూపించాను, ఇంటి కప్పు తట్టి చూశాను. ఆయన ఛాతీ మీద ఎవరమూ చెయ్యి పెట్టలేదు.

రాజస్థాన్‌లో ఆ ఉద్యోగంలో నా క్లాస్‌మేట్ చేరింది. హాయిగా ఉంది. అక్కడ ఒక్క రాయి కూడా రాలలేదట. మేనేజర్ పరీక్షకు చదువుకుంటోంది. మళ్లీ ఒక ఖాళీ వచ్చిందని మొన్న తనే ఫోన్ చేసింది. ఈసారి అమ్మే పొమ్మంటోంది. "ఇప్పుడు ఏ చప్పుడు లేదు కద బిడ్డా, పో" అంటోంది.

కారణాలు వెతకడం నేను మానలేదు. చప్పుడంటే చెవుల్లో హోరే అనుకుంటాను. మామ అలవాటు ఏ పెళ్లిలోనో బాపు కంట పడి ఉంటుందనుకుంటాను. గుండెలో ఏదో తేడా ఆయన ఒంటికే తెలిసి ఉంటుందనుకుంటాను. అయితే బాయి మొహం చూడని మనిషి, మమ్మల్ని సర్దార్ పనివాళ్లను పంపినట్టు, అవే మాటలతో బయటికి ఎందుకు పంపాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మామ వచ్చింది నన్ను ఆపడానికో, బాపును చూడడానికో కూడా తెలియదు. అసలు వచ్చాడని ఒప్పుకోవడమే నాకు కష్టం.

అమ్మకు అన్ని పరీక్షలూ చేయించాను. అన్నీ బాగున్నాయన్నారు. రాజస్థాన్‌కు జవాబు మాత్రం ఇంకా పంపలేదు. నిన్న మధ్యాహ్నం ఆమె వంగి అన్నం వడ్డిస్తుంటే, వెనక నుంచి వీపు మీద అరచేయి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

"ఏంది బిడ్డా?" అంది అమ్మ.

"ఊకెనే" అన్నాను.